చిన్నపేగు గ్రంథుల్లో జన్యు వ్యక్తీకరణ: ఏ ప్రశ్నకు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

చిన్నపేగు గ్రంథులలో ఒక జన్యువు ఏ మేరకు వ్యక్తమవుతోందో, అంటే దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ ఎంత తయారవుతున్నాయో తెలుసుకోవాలనుకునే పరిశోధక విద్యార్థి ముందు ఇప్పుడు కనీసం ఆరు దారులు ఉన్నాయి. అవి ఎంచుకున్న జన్యువు ప్రతులను రెట్టింపులు చేస్తూ కొలిచే క్యూపీసీఆర్, కణజాలం మొత్తాన్ని కలిపి చేసే బల్క్ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్, ఒక్కో కణాన్నీ విడిగా చదివే సింగిల్ సెల్ సీక్వెన్సింగ్, స్లైడు మీదనే ఆర్‌ఎన్‌ఏను గుర్తించే ఇన్ సిటు హైబ్రిడైజేషన్, స్లైడులో ఏ చోట ఏ జన్యువులు వ్యక్తమవుతున్నాయో ఒకేసారి చదివే స్పేషియల్ ట్రాన్స్‌క్రిప్టోమిక్స్, యాంటీబాడీలతో ప్రోటీన్‌ను చూసే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. చాలామంది వీటిలో ఒకదాన్ని పక్క ల్యాబులో ఏ యంత్రం ఉందో చూసి ఎంచుకుంటారు. మిగిలినవారు పత్రికల్లో ఈ ఏడాది దేనికి ఆదరణ ఉందో చూసి ఎంచుకుంటారు. పేగు గ్రంథి విషయంలో ఈ రెండు అలవాట్లూ డబ్బును, అంతకంటే విలువైన నమూనాలను వృథా చేస్తాయి. ఈ గ్రంథిలో పక్కపక్కనే అంటుకుని ఉన్న రెండు కణాలు పూర్తిగా వేర్వేరు జన్యువులను నడుపుతుంటాయి. అందువల్ల ఒక పద్ధతి ఎన్ని వేల జన్యువులను కొలుస్తుందన్న లెక్కకు వెళ్లే ముందు, అది ఏ కణంలో కొలుస్తున్నదో చెప్పగలదా అన్నది తేల్చుకోవాలి.

## ముందుగా, కొలవబోయేది ఏ గ్రంథి?

చిన్నపేగులో గ్రంథులు రెండు రకాలు. మొదటివి 1745లో జర్మన్ శరీరశాస్త్రవేత్త యోహాన్ నథానియెల్ లీబర్‌కూన్ వర్ణించిన లీబర్‌కూన్ గుహికలు. ప్రయోగశాలల్లో అందరూ క్రిప్టులు అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను. ఇవి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం నుంచి చివరి భాగమైన శేషాంత్రికం కొస వరకూ, పేగు లోపలి గోడ మీద వేళ్లలా లేచి ఉండే చూషకాల మొదళ్ల మధ్య నుంచి శ్లేష్మపొరలోకి దిగి ఉంటాయి. రెండోవి బ్రన్నర్ గ్రంథులు. ఇవి ఆంత్రమూలానికి మాత్రమే పరిమితమై, ప్రధానంగా శ్లేష్మపొర కింది పొరలో ఉండి, జఠరం నుంచి వచ్చే ఆమ్లాన్ని తట్టుకునేలా క్షారగుణం గల శ్లేష్మాన్ని స్రవిస్తాయి.

క్రిప్టు అడుగున మూలకణాలు, వాటి మధ్య ఇరుక్కుని, సూక్ష్మజీవులను చంపే పదార్థాలను స్రవించే పానెత్ కణాలు ఉంటాయి. మూలకణాలకు సూచక జన్యువుగా ఎల్‌జీఆర్5ను 2007లో హాన్స్ క్లెవర్స్ బృందం చూపింది. ఓఎల్‌ఎఫ్‌ఎం4 కూడా అక్కడే బలంగా వ్యక్తమవుతుంది. పానెత్ కణాలను లైసోజైమ్, డిఫెన్సిన్ జన్యువుల ద్వారా గుర్తిస్తారు. మనుషుల్లో డెఫా5, డెఫా6 ముఖ్యమైనవి. అడుగు నుంచి పైకి వచ్చేకొద్దీ వేగంగా విభజన చెందే కణాలు, మక్2 జన్యువును వ్యక్తపరిచే గోబ్లెట్ కణాలు, హార్మోన్లను స్రవించే కణాలు, అరుదైన టఫ్ట్ కణాలు, చూషకం వైపు పోతూ శోషక కణాలుగా మారుతున్నవి కనిపిస్తాయి. ఎలుక క్రిప్టులో మొత్తం సుమారు 250 కణాలు ఉంటే, వాటిలో ఎల్‌జీఆర్5 మూలకణాలు దాదాపు 15. పైపొర మూడు నుంచి ఐదు రోజుల్లో పూర్తిగా మారిపోతుంటే, పానెత్ కణాలు మాత్రం వారాల తరబడి అక్కడే ఉంటాయి.

పేగులో ఎక్కడి నుంచి నమూనా తీశామన్నది కూడా ఇందులో భాగమే. జీఏటీఏ4 పేగు మొదటి భాగంలో వ్యక్తమై శేషాంత్రికంలో కనుమరుగవుతుంది. పిత్త లవణాలను తిరిగి పీల్చుకునే ఎస్‌ఎల్‌సీ10ఏ2 శేషాంత్రికంలోనే ప్రధానంగా ఉంటుంది. పానెత్ కణాల సంఖ్య కింది భాగాలకు పోయేకొద్దీ పెరుగుతుంది. నియంత్రణ గుంపు నుంచి జెజునం (చిన్నపేగు మధ్య భాగం), చికిత్స గుంపు నుంచి శేషాంత్రికం తీసుకుంటే ఏ ఖరీదైన పద్ధతీ ఆ ప్రయోగాన్ని కాపాడలేదు.

## ఎంపికకు కొలమానాలు

నేను అన్నిటికంటే ముందు పెట్టే కొలమానం ఇది: కణాల నిష్పత్తి మారడాన్నీ, కణం లోపల వ్యక్తీకరణ మారడాన్నీ ఆ పద్ధతి వేరు చేయగలదా? ఒక నమూనాలో పానెత్ కణాలు వందకు నాలుగు ఉన్నాయనుకుందాం. వ్యాధిలో అవి వందకు ఎనిమిది అయ్యాయి. ఒక్కో కణంలో డెఫా5 ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఏమాత్రం మారలేదు. నమూనా మొత్తాన్ని రుబ్బి కొలిస్తే డెఫా5 రెండు రెట్లు పెరిగినట్టే కనిపిస్తుంది, ప్రతి సైకిల్‌లో ప్రతులు రెట్టింపవుతాయి కాబట్టి క్యూపీసీఆర్‌లో సరిగ్గా ఒక సైకిల్ తేడా వస్తుంది. దాన్ని చూసి ‘వ్యాధిలో డిఫెన్సిన్ జన్యువు ఉత్తేజితమవుతుంది’ అని రాస్తే అది తప్పు.

ఇది ఊహాజనితమైన చిక్కు కాదు. గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధిలో చూషకాలు కుంచించుకుపోతాయి, క్రిప్టులు పొడవవుతాయి. అటువంటి బయాప్సీలో విభజనకు సంబంధించిన జన్యువులన్నీ పెరిగినట్టు, శోషణకు సంబంధించిన ఫాబ్2, ఆల్పీ వంటివి పడిపోయినట్టు కనిపించి తీరతాయి. అందులో ఎంత భాగం కణజాల నిర్మాణం మారడం వల్ల వచ్చింది, ఎంత భాగం కణాల ప్రవర్తన మారడం వల్ల వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు కొన్ని పద్ధతులు స్వభావరీత్యానే జవాబివ్వలేవు.

రెండో కొలమానం చేతిలో ఉన్న కణజాలం స్థితి. పేగులో ఆర్‌ఎన్‌ఏను ఛిద్రం చేసే ఎంజైములు సమృద్ధిగా ఉంటాయి. క్లోమం నుంచి వచ్చేవి పేగు కుహరంలో ఉంటే, పానెత్ కణాలు తమవంతు చేరుస్తాయి. ఎలుకను చంపాక పేగును మంచులో పెట్టిన చల్లని బఫర్‌తో వెంటనే కడిగి, నిమిషాల్లో స్థిరీకరించకపోతే ఆర్‌ఎన్‌ఏ నాణ్యత కాలేయంలోనో కండరంలోనో ఉన్నంతసేపు నిలవదు. తాజా కణజాలం దొరుకుతుందా, గడ్డకట్టించినది మాత్రమే ఉందా, పాథాలజీ విభాగంలో మైనంలో పొదిగి ఏళ్లుగా దాచిన పారఫిన్ బ్లాకులే ఆధారమా అన్నదాన్ని బట్టి సగం ఎంపిక దానంతటదే తేలిపోతుంది.

మూడోది, కొలవదలచిన జన్యువు స్వభావం. ఎల్‌జీఆర్5 వంటి జన్యువులకు ఒక్కో కణంలో ఆర్‌ఎన్‌ఏ ప్రతులు తక్కువ. డిఫెన్సిన్లకు విపరీతంగా ఎక్కువ. మొదటిదాన్ని కొన్ని పద్ధతులు పట్టుకోలేవు. రెండోది కొన్ని పద్ధతుల్లో అన్ని కణాల మీదకూ ఒలికిపోతుంది. పైగా ఎలుకల్లో ఆల్ఫా డిఫెన్సిన్ జన్యువులు ఇరవైకి పైగా ఉండి, వాటి క్రమాలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి.

ఇక డబ్బు, యంత్రం, విశ్లేషణ చేయగల మనిషి. ఈ మూడింటిలో మూడోదాన్నే అందరూ తక్కువగా అంచనా వేస్తారు.

## ఒక చూపులో

| పద్ధతి | ఒకేసారి ఎన్ని జన్యువులు | కణం గుర్తింపు | స్థానం తెలుస్తుందా | పాత పారఫిన్ బ్లాకులు | ఖర్చు | విశ్లేషణ భారం |
|---|---|---|---|---|---|---|
| క్యూపీసీఆర్ | కొన్ని | లేదు | లేదు | కష్టంగా, పొట్టి ఆంప్లికాన్లతో (ప్రతులు తీసే ముక్కలతో) | తక్కువ | తక్కువ |
| బల్క్ సీక్వెన్సింగ్ | అన్నీ | లేదు, అంచనా మాత్రమే | లేదు | కొంతవరకు | మధ్యస్థం | మధ్యస్థం |
| సింగిల్ సెల్ | వేలల్లో | ఉంది | పోతుంది | మామూలుగా కాదు | ఎక్కువ | చాలా ఎక్కువ |
| ఇన్ సిటు హైబ్రిడైజేషన్ | ఒకటి నుంచి కొన్ని | ఉంది | స్పష్టంగా | బాగా | మధ్యస్థం | మధ్యస్థం |
| స్పేషియల్ | వందల నుంచి వేలు | పద్ధతిని బట్టి | ఉంది | కొన్నిటిలో | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ |
| ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ | ఒకటి రెండు, ప్రోటీన్ మాత్రమే | ఉంది | స్పష్టంగా | బాగా | తక్కువ | తక్కువ |

పట్టికలో ‘ఉంది’, ‘లేదు’ అని ఒక్క మాటలో రాసినవాటి వెనుక షరతులు చాలా ఉన్నాయి.

## క్యూపీసీఆర్

జన్యువు ఏదో ముందే తెలిసి, కణం ఏదో కూడా తెలిసి, ఎంత మారిందన్నది ఒక్కటే తెలియాల్సి ఉన్నప్పుడు ఇంతకంటే చవకైన, సూటియైన దారి లేదు. అయితే పేగు ముక్కను మొత్తంగా రుబ్బి చేసే క్యూపీసీఆర్‌ను గ్రంథి గురించిన కొలతగా చెప్పుకోకూడదు. అందులో కండరం, నాడులు, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు అన్నీ ఉంటాయి. ముందు క్రిప్టులను వేరు చేయాలి.

వేరు చేసే పని చూడటానికి సులువే. పేగును నిలువుగా చీరి, కడిగి, కణాల మధ్య పట్టును సడలించే ఈడీటీఏ కలిపిన చల్లని బఫర్‌లో ఉంచి, విడతలు విడతలుగా కుదుపుతూ పోవాలి. మొదటి విడతల్లో రాలేవి చూషకాలు. సూక్ష్మదర్శిని కింద అవి వెడల్పైన ఆకారాలుగా, అంచులు చెదిరి కనిపిస్తాయి. తరువాతి విడతల్లో చేతి తొడుగు వేళ్లలా పొట్టిగా, ఒక కొస గుండ్రంగా మూసుకుని ఉన్న క్రిప్టులు రావడం మొదలవుతుంది. పానెత్ కణాల రేణువులు ఆ గుండ్రటి కొసలో నల్లగా మెరుస్తాయి. ఆ దశలో 70 మైక్రోమీటర్ల జల్లెడతో వడగడితే పెద్ద చూషకాలు పైన ఉండిపోతాయి. ప్రతి విడత నుంచీ ఒక చుక్కను స్లైడు మీద పెట్టి చూడకుండా ట్యూబులకు పేర్లు రాయడం మంచిది కాదు. అదే నమూనాలో ఆల్పీ తక్కువగా, ఓఎల్‌ఎఫ్‌ఎం4 ఎక్కువగా, రోగనిరోధక కణాల పీటీపీఆర్‌సీ దాదాపు లేకుండా ఉంటేనే అది క్రిప్టు నమూనా అని నమ్మవచ్చు.

పోలికకు ఆధారంగా వాడే ప్రామాణిక జన్యువు విషయంలో, క్యూపీసీఆర్ కోసం 2009లో వెలువడిన ఎంఐక్యూఈ మార్గదర్శకాలు చెప్పేది పాటించడం అవసరం: జీఏపీడీహెచ్ ఒక్కటే పెట్టి ఊరుకోకుండా, మీ ప్రయోగ పరిస్థితుల్లో మారడం లేదని పరీక్షించి చూసిన రెండు మూడు జన్యువులను వాడాలి. జంతువు జాతి కూడా చూసుకోవాలి. అందరూ వాడే సీ57బీఎల్/6 ఎలుకల్లో పీఎల్‌ఏ2జీ2ఏ జన్యువు సహజంగానే దెబ్బతిని ఉంటుంది. పానెత్ కణాల ఆ ఎంజైమును ఆ ఎలుకల్లో కొలవాలనుకోవడం వ్యర్థం.

## బల్క్ సీక్వెన్సింగ్

ఏ జన్యువు మారుతుందో ముందే తెలియనప్పుడు, నమూనాల సంఖ్య ఎక్కువగా ఉన్నప్పుడు ఇది ఇప్పటికీ గట్టి ఎంపిక. ఒక సింగిల్ సెల్ ప్రయోగానికయ్యే డబ్బుతో ఎక్కువమంది రోగులను లేదా ఎక్కువ ఎలుకలను బల్క్‌లో కొలవవచ్చు. మనుషుల మధ్య సహజంగా ఉండే తేడాలను అధిగమించేది ఆ సంఖ్యే. పాతబడిన పద్ధతిగా దీన్ని చిన్నచూపు చూడటం ఇప్పుడు ఎక్కువైంది గానీ, పదుల సంఖ్యలో రోగుల నుంచి తీసిన బల్క్ సమాచారం, ఇద్దరి నుంచి తీసిన సింగిల్ సెల్ సమాచారం కంటే చాలా ప్రశ్నలకు మెరుగైన జవాబిస్తుంది.

దీని బలహీనత పైన చెప్పిన నిష్పత్తుల చిక్కే. సింగిల్ సెల్ సమాచారాన్ని ఆధారంగా తీసుకుని బల్క్ నమూనాలో ఏ కణాలు ఎంత శాతం ఉన్నాయో లెక్కగట్టే సైబర్‌సార్ట్ఎక్స్ వంటి సాధనాలు ఉన్నాయి. అవి ఇచ్చేది అంచనా. అరుదైన టఫ్ట్ కణాల వంటి వాటి విషయంలో ఆ అంచనా మీద పెద్ద వాదన నిలబెట్టలేం. దానికంటే అదే బ్లాకు నుంచి ఒక స్లైడు కోసి, క్రిప్టుకు ఎన్ని పానెత్ కణాలు ఉన్నాయో కంటితో లెక్కపెట్టడం మేలు. చవకైనది కూడా.

ఎలుక డిఫెన్సిన్ల మీద పనిచేసేవారు మరొకటి గమనించాలి. క్రమాలు దాదాపు ఒకటే కావడంతో, యంత్రం చదివిన పొట్టి ముక్కలు (రీడ్లు) ఏ డిఫెన్సిన్ జన్యువుకు చెందినవో సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేదు. పలుచోట్ల అతికే రీడ్లను లెక్కలోంచి తీసేయడం చాలా సాధనాల్లో ముందుగా ఉండే అమరిక. ఫలితంగా పానెత్ కణంలో అత్యధికంగా ఉండే ఆర్‌ఎన్‌ఏలే పట్టికలో తక్కువగా కనిపిస్తాయి. ఆ కుటుంబాన్ని మొత్తంగా ఒకే లెక్కగా కొలవడం దీనికి ఒక విరుగుడు.

లేజర్‌తో స్లైడు మీద నుంచి క్రిప్టులను మాత్రమే కోసి తీసి బల్క్ చేసే మధ్యేమార్గం కూడా ఉంది. ఆర్‌ఎన్‌ఏ పికోగ్రాముల నుంచి నానోగ్రాముల్లోనే వస్తుంది, పని నెమ్మది. అయినా బ్రన్నర్ గ్రంథుల వంటి వాటికి అది ఉత్తమమైన దారి కావచ్చు. ఎందుకో కింద చెబుతాను.

## సింగిల్ సెల్ సీక్వెన్సింగ్

2017లో నేచర్ పత్రికలో వెలువడిన ఎలుక చిన్నపేగు సర్వే 53,193 పైపొర కణాలను విడివిడిగా చదివి, టఫ్ట్ కణాల్లో ఉపరకాలను, హార్మోన్ కణాల్లో వైవిధ్యాన్ని చూపింది. తెలియని కణాలను కనిపెట్టడంలో దీనికి సాటి లేదు. మనుషుల పేగులో ఉండి ఎలుకల్లో కనిపించని బెస్ట్4 కణాల గురించి ఇంత తెలిసిందంటే ఈ పద్ధతి వల్లనే.

కానీ పేగు గ్రంథి ఈ పద్ధతికి సులువుగా లొంగదు. కణాలను విడగొట్టగానే పైపొర కణాలు ఒకదాని ఆసరా మరొకదానికి లేక చనిపోవడం మొదలుపెడతాయి; అందుకే ఆ మరణాన్ని తగ్గించే రాక్ నిరోధకం కలుపుతారు. 37 డిగ్రీల వద్ద ఎంజైముతో విడగొడితే ఒత్తిడికి స్పందించే ఫాస్, జున్, ఉష్ణాఘాత ప్రోటీన్ల జన్యువులు ఉవ్వెత్తున లేస్తాయి. అవి వ్యాధి లక్షణాలుగా ప్రబంధాల్లోకి ఎక్కే ప్రమాదం ఉంది. మూలకణం, పానెత్ కణం గట్టిగా అంటుకుని ఉంటాయి కాబట్టి రెండూ కలిసి, ఒక్క కణాన్నే ఉంచాల్సిన ఒకే ద్రవ బిందువులో పడి, రెండు రకాల సూచకాలూ ఉన్న కొత్త కణంగా కనిపించవచ్చు. అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది, చనిపోయిన పానెత్ కణాల డిఫెన్సిన్, లైసోజైమ్ ఆర్‌ఎన్‌ఏలు ద్రావణంలో తేలుతూ ప్రతి బిందువులోకీ చేరడం. శోషక కణంలో డెఫా5 కనిపించగానే సంబరపడకుండా, సూప్ఎక్స్ లేదా సెల్‌బెండర్ సాఫ్ట్‌వేర్ నడిపి ఆ ఒలికిన భాగాన్ని తీసేశాక కూడా అది మిగిలిందా అని చూడాలి.

లోపించే సమాచారం కూడా అంతే ముఖ్యం. ఒక కణంలోని ఆర్‌ఎన్‌ఏ ప్రతుల్లో కొంత భాగాన్నే ఈ యంత్రాలు పట్టుకుంటాయి. అందువల్ల నిజమైన మూలకణంలోనూ ఎల్‌జీఆర్5 సున్నాగా నమోదు కావడం సాధారణం. ఎల్‌జీఆర్5 సున్నా కాని కణాలను లెక్కపెట్టి అదే మూలకణాల సంఖ్య అని రాయడం సరికాదు. ఓఎల్‌ఎఫ్‌ఎం4, ఏఎస్‌సీఎల్2, స్మాక్2 వంటి జన్యువుల సముదాయంతో గుర్తించాలి.

గణాంకాల విషయంలో ఒక్క మాట. పదివేల కణాలు చదివినా అవి మూడు ఎలుకల నుంచి వస్తే నమూనాల సంఖ్య మూడే. ఒక్కో ఎలుకకు, ఒక్కో కణరకానికి లెక్కలను కూడి పోల్చే సూడోబల్క్ పద్ధతి వాడకపోతే, అర్థం లేని తేడాలు కూడా అతి చిన్న పీ విలువలతో మెరుస్తాయి.

## ఇన్ సిటు హైబ్రిడైజేషన్

నా పక్షపాతాన్ని దాచను: క్రిప్టు గురించి ఒకటి నుంచి ఐదు జన్యువుల ప్రశ్న ఉన్నవారికి నేను మొదట సూచించేది ఇదే. క్రిప్టు ఎత్తే ఒక కొలబద్ద. అడుగు నుంచి ఎన్నో స్థానంలో ఉందన్నదాన్ని బట్టి కణం దశ తెలిసిపోయే కణజాలం శరీరంలో అరుదు. ఆ వరుసను చెడగొట్టకుండా ఆర్‌ఎన్‌ఏను చూపే పద్ధతికి ఇక్కడ దక్కే లాభం ఇతర అవయవాల్లో దక్కదు. అడుగు నుంచి నాలుగో స్థానంలో ప్రత్యేక మూలకణాలు ఉన్నాయన్న వాదనలో వాడిన సూచక జన్యువులు, ఎల్‌జీఆర్5 కణాలతో సహా క్రిప్టులో విస్తారంగా వ్యక్తమవుతున్నాయని 2011లో తేల్చింది ఒక్కో ఆర్‌ఎన్‌ఏ అణువును స్లైడు మీద లెక్కపెట్టే పద్ధతే.

2012లో ప్రచురితమైన ఆర్‌ఎన్‌ఏస్కోప్ విధానంలో, లక్ష్య ఆర్‌ఎన్‌ఏ మీద దానికి సరిపోయేలా తయారుచేసిన సుమారు ఇరవై జతల చిన్న ముక్కలు (ప్రోబులు) పక్కపక్కనే అతుక్కుంటేనే సంకేతం పెరుగుతుంది. ఒంటరిగా పొరపాటున అతికినది కనిపించదు. ఫలితం చుక్కలుగా వస్తుంది: ఎల్‌జీఆర్5కు అడుగు కణాల్లో లెక్కపెట్టదగిన చుక్కలు, డెఫా5కు పానెత్ కణం మొత్తం ఒకే ముద్దగా రంగు పట్టి చుక్కలు విడదీయలేని స్థితి. రెండోదాన్ని చుక్కల లెక్కలో రాయాలని ప్రయత్నించకూడదు. తీవ్రత స్థాయిగా మాత్రమే రాయాలి. ప్రతి స్లైడుతోపాటు దాదాపు అన్ని కణాల్లో వ్యక్తమయ్యే పీపీఐబీ వంటి జన్యువును, కణజాలంలో కనిపించకూడని బ్యాక్టీరియా జన్యువైన డాప్‌బీని నియంత్రణలుగా నడపాలి. పీపీఐబీ కనిపించని బ్లాకులో మీ జన్యువు కనిపించకపోవడానికి అర్థమే లేదు. ఆ బ్లాకులో ఆర్‌ఎన్‌ఏ పోయింది.

బ్లాకు తయారీయే ఇక్కడ ప్రధాన షరతు. గది ఉష్ణోగ్రత వద్ద తటస్థ ఫార్మలిన్‌లో 16 నుంచి 32 గంటల స్థిరీకరణ ఈ విధానానికి సిఫారసు చేసినది. సాయంత్రం తీసిన బయాప్సీని మర్నాడు ఉదయమే హడావుడిగా ప్రాసెస్ చేసే చోట్ల, శనివారం వేసి సోమవారం తీసే చోట్ల ఈ పరిధి రెండు వైపులా తప్పుతుంది. కోసిన స్లైడులను నెలల తరబడి పెట్టెలో ఉంచకుండా మూడు నెలల్లోపు వాడాలి.

లోటు ఏమిటంటే, ముందే అనుమానించిన జన్యువులను మాత్రమే ఇది చూపగలదు. అనూహ్యమైనది దీనిలో దొరకదు.

## స్పేషియల్ ట్రాన్స్‌క్రిప్టోమిక్స్

పేరు చూసి పై రెండింటి కలయిక అనుకుంటారు. క్రిప్టు స్థాయిలో అది అన్ని వేళలా నిజం కాదు. విజియం అనే వాణిజ్య పద్ధతి మొదటి తరం స్లైడులో, ఆర్‌ఎన్‌ఏను పట్టే ఒక్కో చుక్క వ్యాసం 55 మైక్రోమీటర్లు, రెండు చుక్కల కేంద్రాల మధ్య దూరం 100 మైక్రోమీటర్లు. ఒక చుక్కలో క్రిప్టు అడుగు, దాని పక్కనున్న సంధాయక కణజాలం కలిసిపోతాయి. మూలకణాన్ని, పానెత్ కణాన్ని అది వేరు చేయలేదు. చూషకానికీ క్రిప్టుకూ, శ్లేష్మపొరకూ దాని కింది పొరకూ మధ్య తేడాలకు అది చాలు. రెండు మైక్రోమీటర్ల గడులతో వచ్చిన విజియం హెచ్‌డీ, ఎంచుకున్న జన్యువుల ప్యానెళ్లతో పనిచేసే జీనియం వంటివి కణస్థాయికి చేరువయ్యాయి. ఖర్చు, సమాచార నిర్వహణ కూడా ఆ మేరకు పెరిగాయి. ఇతర సమాచారం నుంచి గట్టి ఊహ ఒకటి చేతిలో లేకుండా దీనితో మొదలుపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

## ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ

ఆర్‌ఎన్‌ఏ ఉన్నంత మాత్రాన ప్రోటీన్ ఉందని కాదు. కాబట్టి ఏ ఆర్‌ఎన్‌ఏ ఫలితానికైనా చివర ఒక యాంటీబాడీ స్లైడు ఉంటే వాదన బలపడుతుంది. లైసోజైమ్, మక్2, క్రోమోగ్రానిన్ ఏ, కేఐ67 వంటి వాటికి నమ్మకమైన యాంటీబాడీలు ప్రతి పాథాలజీ విభాగంలోనూ తేలికగా దొరుకుతాయి. లైసోజైమ్ మాక్రోఫేజ్‌లలోనూ రంగు పడుతుందని గుర్తుంచుకుని, క్రిప్టు అడుగున ఉన్నవాటినే లెక్కించాలి.

ఎల్‌జీఆర్5 విషయంలో మాత్రం మానవ కణజాలం మీద నిలకడగా పనిచేసే యాంటీబాడీ కోసం వెతకడంలో చాలా బృందాలు విసిగిపోయాయి. దానికి ఆర్‌ఎన్‌ఏ ప్రోబు వాడటమే మేలు. ఎలుకల్లో పచ్చగా వెలిగే హరిత ప్రోటీన్ జోడించిన ఎల్‌జీఆర్5 జంతువులు ఉన్నాయి గానీ, వాటిలో అందరూ మొదట వాడిన రకంలో కొన్ని క్రిప్టులే వెలుగుతాయి, మిగిలినవి నిశ్శబ్దంగా ఉండిపోతాయి. వెలగని క్రిప్టులో మూలకణాలు లేవని అర్థం చేసుకోకూడదు. టఫ్ట్ కణాలకు ఎలుకల్లో డీసీఎల్‌కే1 మంచి సూచకమైనా, మనుషుల్లో దాన్ని నమ్ముకోలేం.

## ఎవరికి ఏది?

పాథాలజీ లేదా గ్యాస్ట్రోఎంటరాలజీలో ఎండీ, డీఎం ప్రబంధం రాస్తున్నవారికి కాలం తక్కువ, బ్లాకులు ఎక్కువ. వారు ఒకటి రెండు జన్యువులకు ఇన్ సిటు, వాటికి జతగా యాంటీబాడీ స్లైడు ఎంచుకుని, ఎక్కువమంది రోగుల మీద జాగ్రత్తగా లెక్కపెడితే చాలు. నమూనాల గుర్తింపు తెలియని ఇద్దరు వేర్వేరుగా లెక్కించి పోల్చుకోవడం, మరో వంద జన్యువుల సమాచారం కంటే ప్రబంధానికి ఎక్కువ బలం ఇస్తుంది. దక్షిణాదిలో పనిచేసేవారు ఇంకొకటి ఆలోచించాలి: సీలియాక్ వ్యాధి ఉత్తర భారతంతో పోలిస్తే ఇక్కడ చాలా అరుదు. కాబట్టి ఆ అంశం తీసుకుంటే కావలసినన్ని నమూనాలు దొరకడమే మొదటి అడ్డంకి కావచ్చు.

ఎలుకలతో పీహెచ్‌డీ చేస్తున్నవారికి తాజా కణజాలం అందుబాటులో ఉండటమే పెద్ద వరం. వేరు చేసిన క్రిప్టుల మీద బల్క్ సీక్వెన్సింగ్, అందులో తేలిన నాలుగైదు జన్యువులకు స్లైడు మీద ఇన్ సిటు అనే క్రమం మూడు నాలుగేళ్ల కాలంలో ఇమిడిపోతుంది. ప్రశ్న నిజంగానే అరుదైన కణం గురించి అయితే, అప్పుడు సింగిల్ సెల్‌కు వెళ్లాలి. ఆ పరిస్థితిలో కణాలను విడగొట్టే పద్ధతిని చవకైన క్యూపీసీఆర్‌తో, సూక్ష్మదర్శినితో పలుమార్లు సరిచూసుకున్నాకే యంత్రం దగ్గరకు పోవాలి. జంతువులను ఒకే వేళకు, ఒకే ఆహార స్థితిలో తీయడం తప్పనిసరి. ఉపవాసం, పగలు రాత్రి తేడా రెండూ క్రిప్టులోని విభజనను మారుస్తాయి.

ఆర్గనాయిడ్లతో, అంటే ప్రయోగశాలలో మూలకణాల నుంచి పెంచిన పేగు సూక్ష్మ నిర్మాణాలతో పనిచేసేవారికి కణజాలం కొరత లేదు. 2009లో ఒక్క ఎల్‌జీఆర్5 మూలకణం నుంచి క్రిప్టు, చూషకం ఉన్న నిర్మాణాన్ని పెంచవచ్చని తోషిరో సాటో, క్లెవర్స్ చూపినప్పటి నుంచి ఇది విస్తరించింది. కణాల నిష్పత్తి పెంపక ద్రవం మీద ఆధారపడుతుందన్నది ఇక్కడి చిక్కు. మానవ ఆర్గనాయిడ్లను వేగంగా పెంచే ద్రవంలో పానెత్ కణాలు అరుదు. అందువల్ల ఇక్కడ బల్క్ చేసేవారు ప్రతిసారీ కణరకాల సూచకాలను పక్కన పెట్టి చూపాలి.

కంప్యూటర్ తప్ప మరేమీ లేనివారు నిరుత్సాహపడనక్కర్లేదు. 2021లో వెలువడిన మానవ పేగు కణాల అట్లాస్ గర్భస్థ దశ నుంచి పెద్దల వరకు సుమారు 4,28,000 కణాల సమాచారాన్ని అందరికీ తెరిచి ఉంచింది; హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్‌లో చిన్నపేగు స్లైడుల చిత్రాలు ఉచితంగా చూడవచ్చు. నిజానికి పై వారిలో ఎవరైనా సరే, డబ్బు ఖర్చు పెట్టే ముందు తమ జన్యువును ఈ రెండు చోట్లా వెతికి చూడాలి. మానవ అవయవాల జన్యు వ్యక్తీకరణ భాండాగారమైన జీటెక్స్ సమాచారం వాడేవారు అందులోని చిన్నపేగు నమూనా శేషాంత్రికం చివరి భాగం నుంచి వచ్చినదని, అక్కడ లింఫ్ కణజాలం ఎక్కువని మరవకూడదు.

## బ్రన్నర్ గ్రంథులకు వేరే లెక్క

క్రిప్టులకు చెప్పినదంతా వీటికి వర్తించదు. ఈడీటీఏతో కుదిపితే రాలేవి పైపొరలోని చూషకాలు, క్రిప్టులే. కింది పొరలో ఉన్న బ్రన్నర్ గ్రంథులు అక్కడే ఉండిపోతాయి. అందువల్ల పైపొరను వేరు చేసి చదివిన సింగిల్ సెల్ సమాచారంలో ఇవి సరిగా కనిపించవు. ఎండోస్కోపీ బయాప్సీ కూడా తరచుగా కింది పొర వరకూ పోదు. ఆంత్రమూలం తొలి భాగం నుంచి తీసిన ముక్కల్లో మాత్రం గ్రంథి కొంత దొరకవచ్చు. ఎలుకల్లో ఇవి జఠరం చివర దాటగానే కొద్ది మిల్లీమీటర్లలోనే అయిపోతాయి కాబట్టి, కోత ఎక్కడ పెట్టామన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

మక్6, టీఎఫ్ఎఫ్2 ఈ గ్రంథికి సూచకాలుగా పనికొస్తాయి. క్రిప్టులోని గోబ్లెట్ కణాలకు మక్2, టీఎఫ్ఎఫ్3 ఉన్నట్టు. ఈ జతలను పక్కపక్కన పెట్టి ఒకే స్లైడు మీద రెండు రంగుల్లో ఇన్ సిటు చేస్తే రెండు గ్రంథుల సరిహద్దు స్పష్టంగా తెలుస్తుంది. అన్ని జన్యువులూ కావాలంటే లేజర్‌తో గ్రంథిని కోసి బల్క్ చేయడం, లేదా స్పేషియల్ స్లైడు. స్పేషియల్ పద్ధతి ముతక చుక్కలు కూడా సరిపోయే అరుదైన సందర్భం ఇది. ఎందుకంటే గ్రంథి ముద్ద పెద్దది, దాని కణాలు చాలావరకు ఒకే రకం.

## ఇంకా తేల్చుకోలేకపోతే

నమూనా సేకరణ రేపే ఉండి, పద్ధతి ఇంకా తేలకపోతే, దారులన్నీ తెరిచి ఉండేలా ముక్కలను పంచుకోవచ్చు. రెండు మూడు మిల్లీమీటర్ల బయాప్సీ ముక్కలు నాలుగు వస్తే, ఒకటి ఫార్మలిన్‌లోకి, ఒకటి ఆర్‌ఎన్‌ఏను కాపాడే ఆర్‌ఎన్‌ఏలేటర్ ద్రావణంలోకి, ఒకటి ఓసీటీ అనే జిగురు మాధ్యమంలో గడ్డకట్టించడానికి. నాలుగోదాన్ని సింగిల్ సెల్ యంత్రం ఆ రోజే సిద్ధంగా ఉంటేనే తాజాగా పంపాలి. లేకపోతే అదీ ఫార్మలిన్‌లోకే. ఫార్మలిన్‌కు పోయే ముక్కను వడపోత కాగితం మీద శ్లేష్మపొర పైకి ఉండేలా పరచాలి. అడ్డంగా తిరిగిన ముక్కలో క్రిప్టులు గుండ్రటి వలయాలుగా తెగి, ఏది అడుగో ఏది మెడో తెలియదు; ఇన్ సిటు ప్రధాన లాభమే పోతుంది. సీసా మీద రోగి సంకేతంతోపాటు ఆంత్రమూలంలో ఏ భాగం, తీసిన గంట, ఫార్మలిన్‌లో వేసిన సమయం, ఉపవాసం ఎంతసేపు అన్నవి అక్కడికక్కడే రాసుకోవాలి.